అనంతపురంలో మూడేళ్ల జర్నలిజం డిగ్రీ: చదివినదానిగా నా రివ్యూ

మా పిన్ని కొడుకు ఇంటర్ పూర్తి చేశాడు. మీడియా కోర్సులోనే చేరతానని పట్టుబట్టాడు. మా వాళ్లలో ఆ చదువు చదివింది నేనొక్కదాన్నే కాబట్టి రోజూ ఫోన్లు. ఫోన్లో సగం చెప్పి సగం మరిచిపోతున్నా. అందుకే మొత్తం ఒక్కచోట రాస్తున్నా. 2020 నుంచి 2023 దాకా అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో బి.ఎ. చదివాను. జర్నలిజం, పొలిటికల్ సైన్స్, తెలుగు మా గ్రూపు. ఇప్పుడు ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌ని. కాలేజీ పేరు మాత్రం రాయను.

ముందు మంచి చెబుతా. అదే ఇవాళ నాకు అన్నం పెడుతోంది.

వారానికి రెండు రోజులు గెస్ట్ ఫ్యాకల్టీగా ఒక సార్ వచ్చేవారు. ముప్పై ఏళ్లు పేపర్లలో చేసి రిటైరైన మనిషి. రెండో ఏడాది టమోటా ధర పడిపోయినప్పుడు నన్ను కక్కలపల్లి మార్కెట్‌కు పంపారు. తెల్లారకముందే ఆటోలో వెళ్లి, గంటసేపు తిరిగి, మధ్యాహ్నానికి వార్త రాసి కాపీ ఇచ్చాను. ‘గిట్టుబాటు ధర లేక రైతులు ఆందోళన వ్యక్తం చేస్తున్నారు’ అని ఇంట్రో, అంటే వార్త మొదటి లైను. సార్ ఎర్ర పెన్నుతో ఆ లైను కొట్టేసి పక్కన నాలుగు ప్రశ్నలు రాశారు. ఏ రైతు? ఏ ఊరు? ఎన్ని బాక్సులు? చేతికెంత? ‘రేపు మళ్లీ పోయి రామ్మా’ అన్నారు.

మర్నాడు గార్లదిన్నె వైపు నుంచి వచ్చిన ఒకాయన పక్కన కూర్చున్నా. ‘రాసుకో పాపా’ అని ఆయనే వేళ్లు మడుస్తూ లెక్క చెప్పాడు. అరవై బాక్సులు, ఒక్కోటి 90 రూపాయలు, మొత్తం 5,400. అందులో కమీషన్ 540, బండి బాడుగ 1,200, కోత కూలీలు ఐదుగురికి 1,500. మిగిలింది 2,160. ‘మందులకు పెట్టింది ఇందులో లేదు’ అంటూ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ లెక్కనే వరసగా రాసిచ్చాను. సార్ హెడ్డింగ్ పెట్టి మా ల్యాబ్ జర్నల్ (ప్రాక్టీసు కోసం విద్యార్థులే తెచ్చే పత్రిక) మొదటి పేజీకి ఎక్కించారు. ఈ రోజుకీ మండలాల నుంచి కంట్రిబ్యూటర్ల (జీతం లేకుండా వార్తలు పంపే విలేకరుల) కాపీ రాగానే నేను మొదట వెతికేది ఆ నాలుగు ప్రశ్నలకు జవాబులే.

మన దేశంలో మొదటి పత్రిక 1780లో హిక్కీ బెంగాల్ గెజిట్ అని పరీక్షకు బట్టీ పట్టాం. 1926లోనే పప్పూరు రామాచార్యులు మన ఊరి నుంచి శ్రీసాధన పత్రిక నడిపారని చెప్పింది మాత్రం సారే. ఆంధ్రప్రభ వారపత్రికను నడిపిన విద్వాన్ విశ్వం మన జిల్లాలోని తరిమెలవాడని కూడా ఆయన దగ్గరే విన్నా. ఆ రోజు ఇంటికెళ్లి మా నాన్నకు చెప్పాను. ‘రాత్రి డ్యూటీలు నీకు యాలమ్మా’ అంటున్న మనిషి, తరిమెల పేరు వినగానే కాసేపు ఆగిపోయాడు.

ఇక నాకు బాధ కలిగించినవి. అడ్మిషన్ రోజు మీడియా ల్యాబ్ అని ఒక గది చూపించారు. రెండు వీడియో కెమెరాలు, ఒక ఎడిటింగ్ కంప్యూటర్. చేరాక ఆ కెమెరాలు బీరువాలోకి పోయాయి, తాళం ఆఫీసులో. మూడేళ్లలో నేను కెమెరా పట్టుకున్నది రెండుసార్లు, రెండోసారి కాలేజీ డే కోసం. ల్యాబ్ జర్నల్ సెమిస్టర్‌కు రెండు తెస్తామన్నారు, మొత్తం మీద వచ్చినవి మూడు. సార్ రాని రోజుల్లో నోట్స్ డిక్టేషన్. వీడియో ఎడిటింగ్ నేను నేర్చుకున్నది ఫోన్లో, సొంతంగా. మా బ్యాచ్‌లో టీవీ మీద ఆశతో చేరిన ఇద్దరమ్మాయిలు రెండో ఏడాదికే బి.ఇ.డి. వైపు మనసు మార్చుకున్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది, ఇద్దరికీ మంచి గొంతు.

ఇంటర్న్‌షిప్ మాత్రం మేలు చేసింది. మా బ్యాచ్ నుంచే డిగ్రీలో అది తప్పనిసరి అయింది. చివరి సెమిస్టర్ అంతా ఒక పత్రిక ఆఫీసులో కూర్చున్నా. రాత్రి పేజీలు వదిలే టైములో ఉండే టెన్షన్ ఏ క్లాసులోనూ తెలియదు.

నాతో ఇంటర్ చదివిన స్నేహితురాలు బెంగళూరులో చేరింది. అక్కడ స్టూడియో రోజూ తెరిచే ఉంటుందట, ఇంగ్లీషులో రాయడం బాగా వచ్చింది. కానీ మన ఫీజు రీయింబర్స్‌మెంట్ అక్కడ వర్తించదు, హాస్టల్ ఖర్చు అదనం. వాళ్ల నాన్న అప్పు చేశాడు. ఆంధ్రలో తెలుగు పత్రికల్లో పనిచేయాలనుకునేవాళ్లకు అంత దూరం అవసరమని నేను అనుకోను. ఇంగ్లీషు మీడియా, యాడ్ ఏజెన్సీలు అనుకుంటే వెళ్లడమే మేలు. కడపలో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. అక్కడ బి.ఎఫ్.ఎ. (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) నాలుగేళ్లు. బొమ్మ, డిజైన్ మీద చెయ్యి తిరిగినవాళ్ల దారి అది. దాన్ని జర్నలిజంతో కలిపి చూడొద్దు.

మా వాడికి నాటకాల పిచ్చి కూడా ఉంది. 1885లో సురభి నాటకం పుట్టింది కడప జిల్లా పల్లెలో. బళ్లారి రాఘవ పుట్టింది తాడిపత్రిలో. ఇలాంటి చోట ఇంటర్ కాగానే నాటకం చదువుదామంటే నేను వాకబు చేసిన ఏ కాలేజీలోనూ ఆ గ్రూపు లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సుకు డిగ్రీతో పాటు స్టేజి అనుభవం అడుగుతారు. కాబట్టి డిగ్రీ ఏదైనా సరే, ఆ మూడేళ్లూ అనంతపురం లలిత కళా పరిషత్తులో నాటకాలు వేసేవాళ్ల వెంట తిరగరా అని చెప్పాను. వేషం ఇవ్వకపోతే తెర లాగమన్నాను.

2023 నుంచి మన డిగ్రీల్లో మూడు సబ్జెక్టుల గ్రూపులు పోయి సింగిల్ మేజర్ వచ్చింది. అంటే జర్నలిజం మేజర్ తీసుకుంటే ఎక్కువ పేపర్లు అందులోనే. చెప్పేవాళ్లు సరిగా లేకపోతే మాకన్నా వీళ్లకే నష్టం ఎక్కువ. అందుకే ఆన్‌లైన్‌లో ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి వెళ్లి చివరి ల్యాబ్ జర్నల్ అడగండి, దాని మీద తేదీ చూడండి. జర్నలిజం చెప్పేవాళ్లలో పత్రికలోనో టీవీలోనో పనిచేసినవాళ్లు ఎందరున్నారో, వారానికి ఎన్ని రోజులు వస్తారో పిల్లల్నే అడగండి. చదువయ్యాక మండలంలో కంట్రిబ్యూటర్‌గా చేరితే నెల జీతం ఉండదు, అచ్చయినదాన్ని బట్టి లైన్ అకౌంటే. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పి చేరండి.

సోమవారం నాకు వీక్లీ ఆఫ్. వాణ్ని వెంటబెట్టుకుని మా కాలేజీకే వెళ్తున్నా. ఆ సార్ ఇంకా వస్తున్నారట. బీరువా తాళం సంగతి నేనే అడుగుతా.