యూరియా బస్తానా, పశువుల ఎరువా? 800 కోట్ల మందికి తిండి పెట్టే నేలకు ఏది మేలు?

రసాయన ఎరువులు ఆపేస్తే జనం ఆకలితో చస్తారని ఒకరంటారు. వాటివల్లే నేల చచ్చిపోతోందని ఇంకొకరంటారు. ఈ వాదన దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఇద్దరూ దాటేస్తున్న ప్రశ్న ఒకటుంది: పంటకు కావలసిన నత్రజని అసలు ఎక్కడ పుడుతోంది? అక్కడి నుంచి మొదలుపెడితే ఏది మేలో తేల్చడం కాస్త సులువు.

ముందు జనాభా సంగతి చూద్దాం. తిండి కంటే జనం వేగంగా పెరుగుతారని 1798లో ఇంగ్లాండు ఆర్థికవేత్త మాల్థస్ రాసేనాటికి భూమ్మీద ఉన్నది సుమారు 100 కోట్ల మంది. 2022 నవంబరులో ఆ లెక్క 800 కోట్లకు చేరింది. కరువులు వచ్చాయి, కోట్ల మందిని పొట్టనబెట్టుకున్నాయి. అయినా ఆయన భయపడినట్టు తిండి వెనకబడిపోలేదు. కొత్త భూములు సాగులోకి వచ్చాయి, మంచి వంగడాలు వచ్చాయి, కాలవలు వచ్చాయి. వీటన్నిటితో పాటు 1909లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా తయారుచేసి చూపించాడు. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. 1913లో జర్మనీలోని ఒప్పౌలో ఉత్పత్తి మొదలైంది. ఈ రోజు ప్రపంచంలో దాదాపు సగం మంది తినే తిండి వెనక ఆ ఫ్యాక్టరీ నత్రజని ఉందని శాస్త్రవేత్తల అంచనా. సేంద్రియ సాగు గురించి మాట్లాడే ఎవరైనా ఈ అంకెను పక్కన పెట్టి ముందుకు పోలేరు.

1960ల్లో ఏడాదికి 2 శాతం దాటిన జనాభా పెరుగుదల రేటు ఇప్పుడు 1 శాతం లోపుకి దిగింది. ఐక్యరాజ్యసమితి 2024 అంచనా ప్రకారం 2080ల మధ్యలో జనాభా సుమారు 1,030 కోట్లకు చేరి, ఆ తర్వాత మెల్లగా తగ్గుతుంది. అంటే ఇంకా 200 కోట్ల మందికి పైగా తిండి చూడాలి. అయితే ఈ పెరుగుదల అన్నిచోట్లా ఒకేలా లేదు. సహారా దిగువ ఆఫ్రికాలో జనాభా వేగంగా పెరుగుతుంటే, చైనాలో 2022 నుంచి తగ్గడం మొదలైంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, ఏ ఎరువు మేలన్నది చాలావరకు దీన్నిబట్టే ఉంటుంది.

పశువు నత్రజనిని పుట్టించదు

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. పంటకు 100 కిలోల నత్రజని అందించాలంటే సుమారు 217 కిలోల యూరియా చాలు, నాలుగైదు బస్తాలతో పని అయిపోతుంది. పశువుల ఎరువులో నత్రజని అర శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. అదే 100 కిలోలకు 20 టన్నుల ఎరువు తోలాలి. పైగా అందులో మొదటి ఏడాది పంటకు అందేది కొంతే. మిగతాది సూక్ష్మజీవులు విడగొట్టేకొద్దీ తర్వాతి ఏళ్లలో వస్తుంది.

మోత కష్టం కంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. మేసిన గడ్డిలోనో తిన్న దాణాలోనో ఉన్న నత్రజనే పేడలోనూ మూత్రంలోనూ బయటికి వస్తుంది. కాబట్టి ఒక పొలానికి పశువుల ఎరువు వేశామంటే, ఇంకో నేలలోని సారాన్ని ఇక్కడికి తెచ్చి పోసినట్టే. ఆ దాణా యూరియాతో పండినదైతే, సేంద్రియ పొలంలో పడుతున్నది కూడా ఒక మెట్టు వెనక ఫ్యాక్టరీ నత్రజనే. సాగు భూమికి కొత్తగా నత్రజని వచ్చే దారులు చాలా తక్కువ: ఫ్యాక్టరీ, గాలి నుంచి నత్రజనిని పట్టే బాక్టీరియా, కొంచెం పిడుగులూ వానా. వీటిలో బాక్టీరియా గురించే మనం తక్కువ మాట్లాడుకుంటాం. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

180 ఏళ్లు దాటిన ఒక పోటీ

బస్తాకీ పశువుల ఎరువుకీ ముఖాముఖి పోటీ పెట్టిన చేను ఒకటుంది. ఇంగ్లాండులోని రోథమ్‌స్టెడ్‌లో జాన్ బెనెట్ లాస్, జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ కలిసి మొదలుపెట్టిన బ్రాడ్‌బాక్ ప్రయోగం అది. 1843 నుంచి అక్కడ గోధుమ వేస్తున్నారు. ఒక మడికి ఏ ఎరువూ వేయరు. కొన్నిటికి నత్రజని, భాస్వరం, పొటాష్ లాంటి రసాయన ఎరువులు వేస్తారు. ఒక దానికి ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు వేస్తారు. ఏమీ వేయని మడిలో దిగుబడి హెక్టారుకు టన్ను దరిదాపుల్లోనే ఉండిపోయింది. సరిపడా రసాయన ఎరువులు వేసిన మడీ, పశువుల ఎరువు వేసిన మడీ మాత్రం దిగుబడిలో ఇంచుమించు ఒకదానికొకటి సరితూగుతూ వచ్చాయి.

నేల సంగతికి వస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పశువుల ఎరువు వేసిన మడిలో సేంద్రియ కర్బనం (కుళ్లిన ఆకులూ వేళ్లూ పేడా నేలలో మిగిల్చే కార్బన్), ఏమీ వేయని మడితో పోలిస్తే రెట్టింపుకు పైగా ఉంది. ఇంతవరకూ చాలామంది ఊహించేదే. కానీ రసాయన ఎరువు వేసిన మడిలో కూడా కర్బనం, ఏమీ వేయని మడి కంటే కాస్త ఎక్కువే ఉంది. పంట ఏపుగా పెరిగితే వేళ్లూ మోళ్లూ ఎక్కువగా నేలలోనే మిగులుతాయి, కారణం అదే. బస్తా పడగానే నేల చచ్చిపోతుందనే మాటకు ఇక్కడ ఆధారం దొరకదు. పశువుల ఎరువుకూ తన మచ్చ ఉంది. ఆ 35 టన్నుల్లో సుమారు 240 కిలోల నత్రజని ఉంటుంది. అంతా పంట తీసుకోదు, మిగిలిన దానిలో చాలా భాగం నైట్రేటుగా మారి నీళ్లతో పాటు కిందికి దిగిపోతుంది. సేంద్రియం కాబట్టి భూగర్భ జలాలకు హాని లేదనుకోవడం పొరపాటు.

స్విట్జర్లాండులో 1978 నుంచి సాగుతున్న ఇంకో ప్రయోగం సేంద్రియ సాగుకు కాస్త ఎక్కువ అనుకూలంగా మాట్లాడుతుంది. మొదటి 21 ఏళ్ల ఫలితాలను 2002లో ప్రకటించారు. సేంద్రియ మడుల్లో దిగుబడి సుమారు 20 శాతం తగ్గింది, కానీ వాడిన ఎరువు, ఇంధనం 34 నుంచి 53 శాతం తక్కువ. వానపాములు, సూక్ష్మజీవులు బాగా పెరిగాయి. ఇది చిన్న విజయమేమీ కాదు. అయితే ఆ 20 శాతం తగ్గుదలను కూడా దాచకూడదు. తగ్గిన గింజల కోసం ఇంకెక్కడో అడవి కొట్టి దున్నాల్సి వస్తే, ఇక్కడ వానపాములకు చేసిన మేలు అక్కడి అడవి ఖాతాలో నష్టమై తేలుతుంది.

యూరియా చేయలేని పని

పొలంలోంచి పిడికెడు మట్టిగడ్డ తీసి నీడన బాగా ఆరబెట్టండి. గాజు గ్లాసులో నీళ్లు పోసి, గడ్డను మెల్లగా వదిలి చూడండి. సేంద్రియ పదార్థం బాగా ఉన్న నేల అయితే బుడగలు వస్తాయి, గడ్డ మాత్రం చాలాసేపు నిలబడుతుంది. కర్బనం కరిగిపోయిన నేల అయితే నిమిషాల్లోనే విడిపోయి అడుగున బురదై కూర్చుంటుంది, పైన నీళ్లు మడ్డిగా మారతాయి. గట్టి వాన పడ్డప్పుడు పొలంలో జరిగేదీ అదే. పైమట్టి విడిపోయి రంధ్రాలు మూసుకుంటాయి, నీరు ఇంకకుండా మట్టిని వెంటబెట్టుకుని పోతుంది. మట్టి రేణువులను పట్టి ఉంచే జిగురు సూక్ష్మజీవులూ శిలీంధ్రాలూ తయారుచేసేది. వాటికి తిండి కర్బనం. ఎన్ని బస్తాల యూరియా చల్లినా ఆ జిగురు నేరుగా రాదు.

అమ్మోనియం ఎరువులు అతిగా వాడితే నేల పులుస్తుంది, అంటే ఆమ్లగుణం పెరుగుతుంది. పులుపు మరీ పెరిగితే అల్యూమినియం కరిగి వేళ్లను దెబ్బతీస్తుంది. ప్రపంచం మొత్తం మీద పొలాలకు అందించే నత్రజనిలో సగం కూడా పంటకు చేరడం లేదు. మిగతాది నీళ్లలోకో గాలిలోకో పోతుంది. గాలిలోకి పోయే దానిలో కొంత నైట్రస్ ఆక్సైడ్. నూరేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 273 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. నీళ్లలోకి పోయేది ఎంత పని చేస్తుందో మెక్సికో సింధుశాఖలో ఏటా వేసవిలో ఏర్పడే ఆక్సిజన్ లేని ప్రాంతాన్ని చూస్తే తెలుస్తుంది.

ఇన్ని నష్టాలున్నాయి కదా, ఒక్కసారిగా ఆపేస్తే పోలా? 2021లో శ్రీలంక ఆ పనే చేసింది. రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించింది. ప్రత్యామ్నాయంగా కావలసినంత సేంద్రియ ఎరువు సిద్ధంగా లేదు. వరి దిగుబడి బాగా పడిపోయింది, తేయాకూ దెబ్బతింది. నవంబరుకల్లా నిషేధం ఎత్తేయాల్సి వచ్చింది. రైతులు పడిన ఆ కష్టం తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. నేల మారడానికి ఏళ్లు పడుతుంది, పంటకు నత్రజని ఈ నెలలోనే కావాలి.

దీనికి పూర్తి భిన్నమైన దారి చైనాలో కనిపించింది. 2005 నుంచి 2015 దాకా సుమారు రెండు కోట్ల పది లక్షల మంది చిన్న రైతులతో అక్కడి శాస్త్రవేత్తలు పనిచేశారు. ఆ నేలకూ ఆ పంటకూ ఎంత అవసరమో, ఎప్పుడు వేయాలో చూసి వేయించారు. వరి, గోధుమ, మొక్కజొన్న దిగుబడులు సగటున 11 శాతం దాకా పెరిగాయి, నత్రజని వాడకం 15 నుంచి 18 శాతం దాకా తగ్గింది. ఎక్కువ వేస్తేనే ఎక్కువ పండుతుందన్న నమ్మకం అక్కడ తేలిపోయింది.

నా ఓటు పప్పుజాతి పంటకే

పూతకు వచ్చిన పప్పుజాతి మొక్కను వేళ్లు తెగకుండా తవ్వి తీయండి. వేళ్ల మీద చిన్నచిన్న బొడిపెలుంటాయి. గాలి నుంచి నత్రజనిని పట్టే బాక్టీరియా ఉండేది వాటిలోనే. ఒకదాన్ని గోటితో చీల్చి చూస్తే, లోపల గులాబీ రంగో ఎరుపో కనిపిస్తే బాక్టీరియా పనిలో ఉన్నట్టు. తెల్లగానో పచ్చగానో ఉంటే పని జరగడం లేదు. ఆ ఎరుపు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి బంధువైన పదార్థానిది. ఫ్యాక్టరీ ఎంతో వేడి, ఒత్తిడి పెట్టి చేసే పనిని ఆ బొడిపె మామూలు మట్టి వేడిమిలోనే చేసేస్తుంది. జీలుగ, జనుము లాంటి పచ్చిరొట్ట పైరు బాగా పెరిగాక పచ్చిగానే నేలలో కలియదున్నితే హెక్టారుకు 60 నుంచి 100 కిలోల దాకా నత్రజని నేలకు చేరుతుంది, దాంతోపాటు కర్బనమూ చేరుతుంది. బస్తా ఇచ్చేదీ పశువుల ఎరువు ఇచ్చేదీ, రెండూ ఒకే పైరు నుంచి వస్తాయి. అయితే ఆ కొన్ని వారాలు పొలం దానికే ఇవ్వాలి. తడి లేని చోట, అరెకరం మాత్రమే ఉన్న కుటుంబానికి అది తేలిక కాదు. అలాంటివాళ్లకు గింజ కూడా ఇచ్చే పప్పు పంటే మేలు.

కాబట్టి నా దృష్టిలో వరస ఇది. మొదట పంటల మార్పిడిలో పప్పుజాతి. తర్వాత దగ్గరలో దొరికే పేడ, కంపోస్టు, పంట వ్యర్థాలు. ఇంకా తక్కువైన దాన్ని మట్టి పరీక్ష చూసి బస్తాతో పూడ్చాలి. ఎండు గడ్డిని విత్తే ముందు నేలలో కలిపేస్తే మాత్రం కొన్నాళ్లు పైరు పసుపెక్కుతుంది. గడ్డిలో కర్బనం విపరీతం, నత్రజని తక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనిని ముందు తామే తీసుకుంటాయి. ముందుగా కలపాలి, లేదా కాస్త నత్రజని తోడివ్వాలి.

సహారా దిగువ ఆఫ్రికాలోని బీద నేలల దగ్గర ఈ వరస కొంచెం తారుమారవుతుంది. హెక్టారుకు 50 కిలోల పోషకాలు వేయాలని 2006లో నైజీరియా రాజధాని అబూజాలో ఆఫ్రికా దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. చాలా దేశాలు ఇంకా ఆ దరిదాపుల్లో లేవు. ఏళ్ల తరబడి తీసుకోవడమే తప్ప తిరిగి ఇవ్వని నేలలో పైరే సరిగా లేవదు, ఇక వ్యర్థాలెక్కడ, కంపోస్టెక్కడ? అక్కడ కొద్దిపాటి బస్తా ఎరువే నేలకు కర్బనం తెచ్చే మొదటి మెట్టు. అతిగా వాడే దేశాలకు చెప్పాల్సిన "తగ్గించండి" అన్న మాటను అక్కడి రైతుకు చెప్పడం అన్యాయం.

భాస్వరం దగ్గర మాత్రం పప్పుజాతి కూడా చేతులెత్తేస్తుంది. భాస్వరాన్ని గాలిలోంచి పట్టలేం, రాయి తవ్వి తీయాల్సిందే. తెలిసిన నిల్వల్లో సుమారు మూడింట రెండు వంతులు, పశ్చిమ సహారాతో కలిపి, మొరాకో చేతిలో ఉన్నాయి. 2050 నాటికి ప్రపంచంలో మూడింట రెండు వంతుల మంది నగరాల్లో ఉంటారని అంచనా. పొలం నుంచి గింజతో పాటు నగరానికి వెళ్లిన భాస్వరం మురుగులో కలిసిపోతోంది, వెనక్కి రావడం లేదు. మురుగు మడ్డిని నేరుగా పొలాలకు తోలితే భార లోహాల భయం ఉంది. అందుకే పెద్ద శుద్ధి కేంద్రాలు మురుగు మడ్డి నుంచి భాస్వరాన్ని వేరుచేసి తీయాలని జర్మనీ 2017లో నిబంధన తెచ్చింది. అది 2029 నుంచి అమల్లోకి వస్తుంది. పంటల మార్పిడి ఒక్కో రైతు చేతిలో పని, ఈ పని మాత్రం నగరపాలక సంస్థలు తలకెత్తుకోవాల్సిందే.