స్టాక్ రిజిస్టరు చూపించే కమిటీ: అయిదుకి నాలుగు మార్కులు

మా అమ్మకి బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే తీసుకుంటాం. అక్కడి వైద్యం సంగతి ఇంకోసారి రాస్తాను. ఈ రివ్యూ ఆ కేంద్రం బాగోగులు చూడటానికి పెట్టిన ప్రజల కమిటీ మీద.

ఇంతకుముందూ కమిటీ ఉండేది, మొక్కుబడిగా. పనిరోజు పొద్దున్నే మీటింగు పెట్టేవాళ్లు. కూలీనాలీ చేసుకునేవాళ్లు ఆ వేళకి ఎలా వస్తారు? వచ్చిన నలుగురూ రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు మీటింగు సాయంత్రం పెడుతున్నారు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. స్కోర్ కార్డు పద్ధతి కూడా తెచ్చారు. 2002లో ఆఫ్రికాలోని మలావీ దేశంలో కేర్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన పద్ధతి ఇది. చంటిపిల్లల తల్లులు ఒకచోట, మా అమ్మలాంటి దీర్ఘకాలిక రోగులు ఇంకోచోట కూర్చుని మందులకి, శుభ్రతకి, మాటతీరుకి, వేచి ఉండే సమయానికి మార్కులు వేస్తారు. సిబ్బంది వేరే గదిలో తమ పనికి తామే మార్కులు వేసుకుంటారు. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అందరూ కలిసి మాట్లాడతారు.

మందుల దగ్గరే గొడవ మొదలైంది. మేం రెండు వేశాం, ఫార్మసిస్టు నాలుగు వేసుకుంది. "ఇండెంటు ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు" (ఇండెంటు అంటే కావాల్సిన మందులు రాసి పైకి పంపే జాబితా) అంటూ స్టాక్ రిజిస్టరు తెచ్చి అందరి ముందూ తెరిచింది. ఆమె చెప్పింది నిజమే. షుగరు బిళ్లలు ఎందుకు చాలడం లేదో కూడా ఆ పేజీలోనే కనబడింది. గత నెలల్లో ఎంత ఖర్చయిందో చూసి పైనుంచి సరఫరా చేస్తారు. స్టాకు అయిపోయిన నెలలో ఇవ్వడానికి బిళ్లలే ఉండవు కాబట్టి ఖర్చు తక్కువగా నమోదవుతుంది. దాంతో తర్వాత వచ్చేది ఇంకా తగ్గుతుంది. ఒట్టి చేతులతో ఇంటికి వెళ్లినవాళ్ల లెక్క ఎక్కడా లేదు. ఇంతకాలం ఒకరినొకరు తిట్టుకున్నాం గానీ అసలు లోపం లెక్క కట్టే తీరులో ఉంది.

ఆ రోజే కౌంటరు దగ్గర ఒక నోటుబుక్కు పెట్టాలని తీర్మానించారు. మందు దొరకనివాళ్ల చీటీలో ఉన్నది అందులో రాసి, ఆ అంకె కూడా కలిపి ఇండెంటు పంపుతున్నారు. ఇప్పుడు అమ్మకి నెలకి సరిపడా బిళ్లలు ఒకేసారి ఇస్తున్నారు. ఈ ఒక్క పనికే నేను మూడు మార్కులు ఇస్తాను.

నాలుగో మార్కు సిస్టర్ విషయంలో. "కసురుకుంటారు" అని తల్లులు రాశారు. అది చదివి వినిపించేసరికి ఆమె మొహం చిన్నబోయింది. కాసేపు ఆగి, "అమ్మా, టీకాలు నేనే, కాన్పులు నేనే, ఆ రికార్డులన్నీ రాయాల్సిందీ నేనే" అంది. ఆ మాట ఆమె అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదట. టీకాల రోజూ, బీపీ-షుగరు రోజూ ఒకటే కావడంతో క్యూ అంతా ఆమె మీదే పడుతోంది. రోజులు విడదీశారు. కసురుకోవడం పూర్తిగా పోయిందని చెప్పను గానీ చాలా తగ్గింది. ఆడవాళ్లని పరీక్షించే గది తలుపు తెరిస్తే ఎదురుగా బెంచీ మీద కూర్చున్నవాళ్లందరికీ లోపల కనబడేది. ఆ బెంచీ పక్కకి జరిపించారు. పని చిన్నదే, కానీ రోజూ అక్కడ పనిచేసేవాళ్లు ఆ క్యూలో కూర్చోరు కాబట్టి వాళ్లకి అది తట్టలేదు.

ఇదేదో మాకు దయతో ఇచ్చింది కాదు. తమ వైద్యసేవల ప్రణాళికలో, అమలులో పాల్గొనడం ప్రజల హక్కు, బాధ్యత అని 1978లో ప్రపంచ దేశాలు ప్రాథమిక వైద్యం మీద చేసిన ఆల్మా-ఆటా ప్రకటనలోనే ఉంది. బ్రెజిల్ 1990లో చట్టమే చేసింది. అక్కడి ఆరోగ్య మండళ్లలో సగం సీట్లు సేవలు వాడుకునేవాళ్లవి, మండలి లేని మునిసిపాలిటీకి కేంద్ర నిధులు అందవు.

అలాగని మీటింగు పెడితే రోగాలన్నీ కుదురుతాయంటే నేను నమ్మను. ఉగాండాలో 50 కేంద్రాల్లో జరిగిన అధ్యయనం 2009లో అచ్చయింది. ప్రజల పర్యవేక్షణ ఉన్నచోట అయిదేళ్లలోపు పిల్లల మరణాలు మూడో వంతు తగ్గాయని అందులో తేలింది. తర్వాత అదే దేశంలో 376 కేంద్రాల్లో అలాంటి కార్యక్రమం పెడితే వైద్యం తీరు కొంత మెరుగైంది, మరణాలు మాత్రం తగ్గినట్టు కనబడలేదు. పోస్టులూ, మందుల బడ్జెటూ పైవాళ్ల చేతుల్లో ఉన్నప్పుడు కింద ఎంత మాట్లాడుకున్నా ఒక హద్దు దాకానే.

అయిదో మార్కు అందుకే ఆపాను. ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు ఖాళీగా ఉంది, షుగరు టెస్టుకి అమ్మని ఇంకో చోటికి తీసుకెళ్లాల్సి వస్తోంది. కమిటీ తీర్మానం చేసి పైకి ఉత్తరం రాసింది, జవాబు లేదు. ఇన్ని రోజుల్లో రాతపూర్వకంగా సమాధానం ఇవ్వాలన్న నిబంధనే లేదు మరి. మీటింగులో గొంతు పెద్దగా ఉన్నవాళ్లదే నడవడం ఇంకో ఇబ్బంది. మా గుంపులో ఒక పెద్దావిడ ఏదో చెప్పబోయి రెండుసార్లు ఆగిపోయింది. ముందు వయసు మళ్లినవాళ్లనీ, చంటిపిల్లల తల్లులనీ మాట్లాడనిచ్చి తర్వాత మిగతావాళ్లు మాట్లాడాలని వచ్చే మీటింగులో అడగబోతున్నాను.