కర్నాక్ గుడి, లక్సర్: గైడ్‌కు ఐదు స్టార్లు, ప్యాకేజీకి రెండున్నరే

హన్మకొండల మా కాలనీ వాళ్లం కొందరం కలిసి ఒక ట్రావెల్స్ వాళ్ల ఈజిప్ట్ ప్యాకేజీల పోయినం, పేరు రాస్తలేను, హోటళ్లు బస్సులు మంచిగనే చూసిండ్రు, నా లొల్లి అంతా కర్నాక్ గురించే. పిరమిడ్లు ఫొటోలల్ల చూసినట్టే ఉంటయి. కర్నాక్ అట్ల కాదు, ఒక రాజు పోయినంక ఇంకో రాజు వేల ఏండ్లు కట్టుకుంట పోయిన గుళ్ల గుంపు అది. పెద్ద దేవుడు అమున్-రా, భార్య ముత్, కొడుకు ఖొన్సు.

అక్కడి గైడ్ లేకపోతే సెల్ఫీలు దిగి వచ్చేటోళ్లం. లోపల అడుగు పెట్టంగనే చెప్పిండు, ఇది జనం వచ్చి మొక్కే జాగ కాదు, దేవుడు కాపురముండే ఇల్లు అని. మామూలోళ్లకు బయటి ప్రాంగణం దాకనే, అది గూడ పండుగలప్పుడే. లోపలికి పోయిన కొద్దీ నేల జర జర లేస్తది, కప్పు దిగుతది, గర్భగుడికి వచ్చేసరికి చీకటే. ఇప్పుడు కప్పు చాలా మట్టుకు పోయింది గాబట్టి ఎవరన్న చెప్తేనే తెలుస్తది.

స్తంభాల హాలు మాత్రం చెప్పకపోయినా నోరు తెరుస్తం. 134 స్తంభాలు, రాజు సేతి 1, ఆయన కొడుకు రామ్సెస్ 2 కాలంల చెక్కిచ్చినయి. నడుమ 12 స్తంభాలు 21 మీటర్ల ఎత్తు, వాటి తలకాయలు విచ్చుకున్న పాపిరస్ (నీళ్లల్ల పెరిగే జమ్ము మొక్క) పువ్వులు, పక్కలకు ఉన్న 122 పొట్టివి, మొగ్గలు. ఎందుకట్ల అంటే పై కిటికీల నుంచి వెలుతురు నడుమనే పడ్తది, ఎండ తగిలిన పువ్వు విచ్చుకుంటది, నీడల మొగ్గ అట్లనే ఉంటది. వాళ్ల నమ్మకంల సృష్టి మొదట్ల నీళ్లల్లకెళ్లి లేసిన మిట్ట, దాని చుట్టు జమ్ము, అదే ఈ హాలు అన్నమాట. నాకైతే ట్రిప్పు మొత్తం ఇక్కడనే గిట్టుబాటయింది.

పూజ సంగతి మనోళ్లకు తొందరగ ఎక్కుతది. తెల్లారంగనే పూజారి తలుపుకున్న మట్టి సీలు పగలగొట్టి తెరుస్తడు, విగ్రహాన్ని కడిగి నూనె రాసి బట్టలు కట్టి, ధూపం వేసి తిండి పెడ్తడు, తర్వాత ఆ తిండి పూజారులే పంచుకుంటరు. మా ఆమె "భద్రకాళి గుడిల పొద్దుటి సేవే కదా ఇది" అన్నది. కాకపోతే మనకు దర్శనముంటది, వాళ్లకు లేదు. గోడల మీద ఎక్కడ చూసినా నైవేద్యం పెట్టేది రాజే, నిజంగ చేసేది మాత్రం ఆయన తరఫున పూజారులు.

మరి జనానికి దేవుడు దొరికేదెప్పుడు? ఒపెట్ పండుగకు. నైలుకు వరదొచ్చే కాలంల ముగ్గురు దేవుళ్లను పడవల్లాంటి పల్లకీలల్ల అదే ఊర్లె ఉన్న ఇంకో గుడి, లక్సర్ గుడికి తీస్కపోయేది, మొదట్ల 11 రోజులు, రామ్సెస్ 3 నాటికి 27 రోజులైంది. విగ్రహం ఏమో లోపల ముసుగులనే. తొవ్వల జనం ప్రశ్న అడిగితే పల్లకీ ముందుకొస్తే అవును, వెనక్కి పోతే కాదు అన్నట్టు. భూమి తగాదాలు, దొంగతనాలు గూడ దేవుని ముందట పెట్టేటోళ్లట! రెండు గుళ్లను కలిపే స్ఫింక్స్‌ల (సింహం ఒళ్లు, మనిషి లేకుంటే పొట్టేలు తల ఉన్న రాతిబొమ్మల) తొవ్వ 2.7 కిలోమీటర్లు, 2021ల మళ్ల తెరిచిండ్రు, సాయంత్రం పూట నడువుండ్రి.

కర్నాక్ గుడి లోపలి చెరువు పక్కన పేడపురుగు రాతి విగ్రహముంటది, పొద్దుటి సూర్యునికి గుర్తు. మా గ్రూపోళ్లు దాని చుట్టు ఎంత భక్తిగ తిరిగిండ్రో, గైడ్ నవ్వి ఇది టూరిస్టుల ఆచారం, పాతది కాదన్నా ఎవలూ ఆగలే.

ఇగ కోపం సంగతి. ఇంత ఉన్న జాగల మమ్మల్ని గట్టిగ గంట సేపు గూడ ఉంచలే, రాణి హత్‌షెప్సుత్ నిలబెట్టిన ఒంటిరాయి స్తంభం దగ్గర గైడ్ మాట సగంల ఉండంగనే బస్సెక్కుమన్నరు, తీస్కపోయింది ఎక్కడికంటే అత్తరు దుకాణం, పాపిరస్ కాగితం బొమ్మల దుకాణం. అక్కడ టైమే టైము. కమీషన్ లేంది ఇట్ల చేస్తరా?

పోయేటోళ్లు పైసలు కట్టకముందే కర్నాక్‌కు సగం పూట, దుకాణాలు వద్దు అని రాయించుకోండ్రి. పొద్దున గేటు తెరవంగనే పోతే ఎండ, గుంపు రెండూ తప్పుతయి. లోపల "స్పెషల్ బొమ్మ చూపిస్త రా" అని సైగ చేసేటోళ్లు బక్షీస్ కోసమే, చిల్లర ఉంచుకోండ్రి. శాకాహారులు కొషారి అడగండ్రి, అన్నం, మాకరోని, పప్పు కలిపి ఇస్తరు, కడుపు నిండుతది.