పని మీద కాకినాడ వెళ్లేవారు ఉప్పాడ చీర కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

కిందటి నెల ఒక సంస్థ లెక్కల తనిఖీ కోసం మూడు రోజులు కాకినాడలో ఉన్నాను. తిరుగు ప్రయాణం రోజున, రాత్రి రైలుకు ముందు దొరికిన గంటన్నరలో, ఉప్పాడ జాందానీ, అంటే మగ్గం మీదే బుటాలను చేత్తో అల్లిన పట్టుచీర, అని నమ్మి 14,500 రూపాయలు పెట్టి ఒక చీర కొన్నాను. అది జాందానీ కాదని, పూర్తి పట్టు కూడా కాదని హైదరాబాదు వచ్చిన మర్నాడే తేలింది. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కనుక దుకాణం పేరు రాయడం లేదు. అయితే నేను మోసపోయిన తీరు ఆ ఒక్క దుకాణానికే పరిమితమని అనుకోలేను. మర్నాడు ఊళ్లో ఉండని మనిషికి అమ్మే పద్ధతి అది.

ఉప్పాడ కాకినాడకు దగ్గరే, సముద్రం వెంబడి వెళ్లే దారిలో ఉంటుంది. అక్కడికే వెళ్లి మగ్గాల దగ్గర చూసి కొందామని మొదట అనుకున్నాను. లాడ్జి కౌంటరులోని అబ్బాయి "ఇప్పుడెళితే రైలు అందదండీ, ఆ సరుకే ఇక్కడ మావాళ్ల దగ్గర దొరుకుతుంది" అని తానే ఆటో పిలిచాడు. ఆటో అతను దుకాణం ముందు ముప్పావుగంట ఆగి, వెయిటింగు ఛార్జీ మాటే ఎత్తలేదు. అలాంటి ఆటోను నా జీవితంలో ఎన్నడూ చూడలేదు. అనుమానం అక్కడే రావలసింది.

దుకాణం మేడ మీద ఉంది. కూర్చోగానే గొట్టం కాజా చేతిలో పెట్టి, చీరల మీద చీరలు పరిచారు. నేను అడగకముందే అమ్మకందారు ఒక చీర కొంగు చివర వేలాడుతున్న పోగును తెంపి, అగ్గిపుల్లతో కాల్చి వాసన చూడమన్నాడు. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది, బూడిద వేళ్ల మధ్య పొడిగా నలిగింది. పట్టు అలాగే కాలుతుందని విని ఉన్నాను కనుక ఆ తరువాత మరే ప్రశ్నా అడగలేదు.

మర్నాడు మా అమ్మ చీర చేతిలోకి తీసుకుని, ముందువైపు చూడకుండానే తిరగేసింది. లోపలివైపు ప్రతి బుటా చుట్టూ కత్తిరించిన దారపు మొనలు గరుకుగా తగులుతున్నాయి. అంచు దగ్గర కత్తిరించకుండా వదిలేసిన పోగు ఒకటి ఆమె గాజుకు పట్టుకుని సాగింది. జాందానీలో బుటా ఉన్నంత మేరకే అదనపు దారాన్ని చేత్తో అల్లుతారు కనుక, ఒక బుటా నుంచి ఇంకో బుటా దాకా దారం వెనకవైపున వేలాడదు, కత్తిరించవలసిన అవసరమూ రాదు. అసలైన ఉప్పాడ చీరకు లోపలివైపు కూడా దాదాపు పైవైపు లాగానే కనిపించడానికి కారణం ఇదే. ఆ పనితనానికి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇద్దరు మనుషులు ఒకే మగ్గం మీద వారాల తరబడి కూర్చుని నేసే చీరకు పెట్టవలసిన ధరను, యంత్రం మీద నేసినదానికి పెట్టి వచ్చానన్నమాట.

అయితే ఆ అగ్గిపుల్ల మాటేమిటన్నది నాకు అంతుపట్టలేదు. కొంగు చివర వేలాడేవి పడుగు పోగులు, అంటే చీర పొడవునా నడిచేవి. అమ్మ కొంగు చివర నుంచే అడ్డంగా ఉన్న ఒక పేక పోగును సూదితో లాగి దీపానికి పట్టింది. అది కరిగి, ముడుచుకుని, చివర నల్లటి గట్టి పూసలా మిగిలింది. పడుగు పట్టు, పేక పాలియెస్టరు. అతను చూపించిన పరీక్షలో అబద్ధమేమీ లేదు, ఏ పోగు కాల్చాలో మాత్రం అతనే నిర్ణయించాడు. కాబట్టి కాల్చి చూపిస్తామని ఎవరైనా అంటే, నిలువు పోగు ఒకటి, అడ్డం పోగు ఒకటి, రెండూ మీ కళ్ల ముందే తీయించండి.

ఫోను చేస్తే, చీర పట్టుకుని కాకినాడ వస్తే మారుస్తామన్నారు. దాదాపు 500 కిలోమీటర్లు. మూడోసారి ఎత్తనే లేదు. అప్పుడు బిల్లు తీసి చూసుకుంటే, అది బిల్లే కాదు. "ఎస్టిమేటు" అని అచ్చువేసిన చీటీ మీద "చీర 1" అని, ధర, అంతే. పట్టు అని గానీ చేనేత అని గానీ ఎక్కడా లేదు. జీఎస్టీ నంబరు లేదు. ఆంధ్రప్రదేశ్ దుకాణానిదైతే అది 37తో మొదలవుతుంది. యూపీఐలో డబ్బు చేరింది కూడా బోర్డు మీది పేరుకు కాదు, ఎవరో వ్యక్తి ఖాతాకు. చీరకు గుచ్చిన చీటీ, అసలు పట్టుకు గుర్తుగా వేసే సిల్క్ మార్కులా కనిపించింది గానీ దాని మీద సంఖ్యా లేదు, హోలోగ్రామూ లేదు.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూసి వెనక్కి తగ్గకండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది; లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడమూ అంతే. నేను ఆ ముప్పై రోజులు దాటకముందే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్తాను. కొన్న ఊరికే వెళ్లనక్కరలేదు, మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు; అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు.

చేతిలో గంటే ఉంటే కాజాలు కొనుక్కుని రైలెక్కండి. చీరే కావాలంటే ఒక పూట మిగుల్చుకుని ఉప్పాడ వెళ్లండి, లేదా చేనేత సహకార సంస్థ ఆప్కో వంటి చోట కొనండి. ఎక్కడ కొన్నా "పట్టు, చేనేత, జాందానీ" అన్న మూడు మాటలూ బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి. రాయనంటే అక్కడి నుంచి లేవండి, కాజా తిన్నా సరే.

నా చీర మళ్లీ మడతపెట్టి అట్టపెట్టెలోనే ఉంచాను. ఎస్టిమేటు చీటీ, యూపీఐ రశీదు నకలు, ఒక చిన్న కవరులో ఆ నల్ల పూస, అన్నీ దానితోనే పెట్టాను.