బ్రాయిలర్ షెడ్డులో ప్రోబయోటిక్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

షాద్‌నగర్ దగ్గర మాకు బ్రాయిలర్ షెడ్లున్నాయి. కోడి పేగుల్లో చేరి, మాంసం ద్వారా మనుషులకు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా రాకుండా కొన్నేళ్లుగా బ్యాచ్ తప్పకుండా ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా ఉన్న పొడి) వాడుతున్నాను. ఇది పనిచేస్తుంది, కానీ కోడిపిల్లలు షెడ్డులో దిగిన మొదటిరోజే తాగించాలి. వారం పోయాక మొదలుపెడితే చాలావరకు డబ్బు దండగ.

తల్లికోడి వెంట తిరిగే పిల్ల దాని రెట్టలో పొడుచుకు తింటూనే మంచి బ్యాక్టీరియాను కడుపులోకి తెచ్చుకుంటుంది. హేచరీలో, అంటే గుడ్లను యంత్రంలో పొదిగించే చోట, పుట్టిన పిల్లకు ఆ అవకాశం లేదు. దాని పేగులు దాదాపు ఖాళీ. బస్సు సీట్లో ముందు తువ్వాలు వేసినవాళ్లదే చోటన్నట్టు, అక్కడ ముందు ఎవరు చేరితే వాళ్లదే రాజ్యం. ఫిన్లాండ్‌లో నుర్మి, రాంటాలా అనే శాస్త్రవేత్తలు 1973లోనే ఈ సంగతి ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోడి పేగుల్లోని పదార్థం పట్టిస్తే చిన్న పిల్లలు సాల్మొనెల్లాను తట్టుకున్నాయి. మనకు దొరికే పొడుల్లో ఉండేవి కొన్ని రకాలే, కాబట్టి అంత గట్టి ఫలితం ఆశించకండి.

2019 జులైలో కేంద్రం పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్‌ను నిషేధించాక చాలామంది ఇటు చూశారు. కొందరు వాడి "ఏం లాభం లేదు" అంటుంటారు. నేను వాళ్లను మొదట అడిగేది నీళ్ల గురించే. ఈ పొడుల్లో ఉండే లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా క్లోరిన్ నీళ్లలో బతకదు. అందుకే ముందురోజే క్లోరిన్ ఆపేసి, ట్యాంకు ఖాళీ చేసి, లైన్ ఫ్లష్ చేస్తాను. తెల్లారగానే పిల్లలు రెండు మూడు గంటల్లో తాగేసేంత నీళ్లలోనే పొడి కలుపుతాను. అవి తాగాక మళ్లీ లైన్ కడగాల్సిందే. పొడిలో ఉండే చక్కెర వల్ల నిపుల్ (కోళ్లు నీళ్లు తాగే చిన్న గొట్టం మూతి) లోపల జిగురు కడుతుంది, వేలితో రుద్దితే తెలుస్తుంది. ఆ జిగురులోనే చెడ్డ బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. బాసిల్లస్ అనే ఇంకో మంచి బ్యాక్టీరియా రకాలతో ఇంత తలనొప్పి ఉండదు. వాటి స్పోర్లు (గట్టి పొర కట్టుకుని నిద్రాణంగా ఉండే రూపం) మేతను గుళికలుగా చేసే పెల్లెట్ మిల్లు వేడిని కూడా తట్టుకుంటాయి. అందుకే మొదటి రోజుల్లో నీళ్లలో లాక్టోబాసిల్లస్, తర్వాత లిఫ్టింగ్ (కోళ్లను అమ్మకానికి ఎత్తడం) దాకా మేతలో బాసిల్లస్ ఇస్తున్నాను.

వెనక రెట్ట అంటుకుపోయిన పిల్లలు బాగా తగ్గాయి. లిట్టర్ (షెడ్డు నేల మీద పరిచే పొట్టు) పొడిగా ఉంటోంది. ఎఫ్‌సీఆర్ (కిలో బరువు పెరగడానికి కోడి తినే మేత) కూడా కాస్త మెరుగైంది, కానీ అదంతా దీనివల్లే అనను. అదే సమయంలో బ్రూడింగ్ (చిన్న పిల్లలకు వెచ్చదనం ఇవ్వడం) పద్ధతి కూడా మార్చాం.

అయినా సాల్మొనెల్లా తగ్గిందో లేదో కంటికి కనబడదు. సాల్మొనెల్లాలో ఎంటరైటిడిస్, టైఫిమ్యూరియం రకాలు ఉన్న కోడి సాధారణంగా చక్కగా తింటూ తిరుగుతుంది. జబ్బున పడేది సరిగ్గా ఉడకని మాంసం తిన్న మనిషి. అందుకే లిఫ్టింగ్‌కి ముందు బూట్లకు తడి గుడ్డ తొడుగులు వేసుకుని, షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచి, వాటిని ల్యాబ్‌కి పంపిస్తాను. ఇదివరకు తరచూ పాజిటివ్ వచ్చేది, ఇప్పుడు ఎక్కువసార్లు నెగెటివ్. ఒక వర్షాకాలం బ్యాచ్‌లో మళ్లీ పాజిటివ్ వచ్చింది. వెతికితే ఫీడ్ గది గోడ కింద ఎలుక బొరియలు, బస్తాల మీద పెంటికలు కనిపించాయి. బొరియలు పూడ్చి, బస్తాలు గోడకు దూరంగా చెక్కల మీదికి ఎత్తాకే టెన్షన్ తగ్గింది. ఎలుకలు రోజూ మేతలో పెంటికలు వేస్తుంటే ఏ పొడీ కాపాడలేదు.

ఇది మందు కాదు. కోళ్లకే జబ్బు చేసే గాలినారం అనే సాల్మొనెల్లా రకం (కోళ్ల టైఫాయిడ్) వచ్చి కోళ్లు రాలిపోతుంటే ప్రోబయోటిక్ పట్టుకుని కూర్చోకండి, వెంటనే పశువైద్యుడిని పిలవండి. ఆయన యాంటీబయోటిక్ రాస్తే ఆ కోర్సు అయ్యేదాకా దీన్ని ఆపాలి. రెండూ కలిపి ఇస్తే మంచి బ్యాక్టీరియా కూడా చస్తుంది.

కొనేటప్పుడు బ్రాండ్ కంటే లేబుల్ చూడండి: ఏ బ్యాక్టీరియా ఉంది, గ్రాముకి ఎన్ని సీఎఫ్‌యూ (బతికున్న బ్యాక్టీరియా లెక్క) ఉన్నాయి, గడువు ఎప్పటిదాకా. లాక్టోబాసిల్లస్ ప్యాకెట్లను ఎండాకాలంలో షెడ్డు పక్క రేకుల గదిలో పెట్టొద్దు. నేను ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టి ఏ రోజు పొడి ఆ రోజే తీసుకెళ్తాను.