1924 కోటా, 1965 కోటా: ఏది మేలు?

అమెరికాలో గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ల తరబడి నలుగుతున్న మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న: "ఏటా పరిమితంగా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో దేశానికి 7 శాతం అని గీత గీశాక, 1924 నాటి వలస కోటాకీ దీనికీ తేడా ఏముంది?" ఉంది. ఆ అంకెను దేన్నిబట్టి కట్టారో చూస్తే తెలుస్తుంది.

అమెరికా 1921 వలస చట్టం తాత్కాలికం. 1910 జనాభా లెక్కల్లో ఒక్కో దేశం నుంచి వచ్చి ఉంటున్నవాళ్లు ఎందరో, అందులో 3 శాతం మందిని ఏటా రానిచ్చారు. అంతే. అసలు తెలివంతా 1924లో చూపించారు. శాతాన్ని 2కు తగ్గించి, లెక్కల ఏడాదిని 1890కి వెనక్కి జరిపారు. ఇటలీవాళ్లు, తూర్పు యూరప్ యూదులు పెద్ద ఎత్తున వచ్చింది ఆ తర్వాతే మరి! ఇటలీ కోటా 42 వేల నుంచి 3,845కి పడిపోయింది. 1929లో లెక్క కట్టే పద్ధతి మళ్లీ మార్చారు. ఏటా మొత్తం లక్షన్నర మంది కోటాలో బ్రిటన్, ఉత్తర ఐర్లాండ్‌లకే 65,721 దక్కాయి.

ఆసియావాళ్లకు ఆ లెక్కలు కూడా లేవు. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు వలస రాకూడదన్నారు. భారతీయులకు ఆ అర్హత లేదని 1923లోనే భగత్ సింగ్ థిండ్ అనే భారతీయుడి కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. విచిత్రమేమిటంటే, ఇండియా పేరిట 100 కోటా ఉండేది. ఇండియాలో పుట్టిన తెల్లవాళ్లకు తప్ప అది పనికొచ్చేది కాదు! 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చాకే ఆ వంద మనదాకా వచ్చింది.

1952 వలస చట్టాన్ని అధ్యక్షుడు ట్రూమన్ వీటో చేసినా కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) నెగ్గించుకుంది. కోటాలు దాదాపు అలాగే ఉండిపోయాయి. పైగా ఆసియా మూలాలున్నవాళ్లు ఎక్కడ పుట్టినా పూర్వీకుల దేశం ఖాతాలోకే.

1965 హార్ట్-సెల్లర్ చట్టం వంశాన్ని వదిలేసి పుట్టిన చోటును పట్టుకుంది. తూర్పు అర్ధగోళంలో (యూరప్, ఆసియా, ఆఫ్రికా వైపు) ఏ దేశానికైనా ఏటా గరిష్ఠంగా 20,000. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. 1990 చట్టంతో వచ్చిన 7 శాతం పరిమితి ఐస్‌లాండ్‌కీ ఇండియాకీ ఒకటే కావడం అన్యాయమే, కాదనను. కానీ దుబాయ్‌లో పుట్టిన తెలుగమ్మాయి ఇవాళ ఇండియా క్యూలో నిలబడక్కర్లేదు. అనకాపల్లిలో పుట్టిన ఆమె భర్త కూడా ఆమె జన్మస్థలం లెక్కన ముందుకు వెళ్లొచ్చు. 1952 చట్టం ఉండుంటే ఆమెనూ ఇండియా వందలోనే వేసేవారు. అందుకే ఆ 7 శాతం ఎత్తేయాలంటూనే, నా ఓటు 1965కి.