కుర్రాడి చేతికి పాత పికప్: గోదావరి డెల్టా రోడ్లకు ఏది నప్పుతుంది, కొనేముందు ఏం చూడాలి

డెల్టాలో పాత పికప్ బేరానికి వెళ్తే అమ్మేవాణ్ణి ముందుగా అడగాల్సిన ప్రశ్న "ఇన్నాళ్ళూ దీనిమీద ఏం తోలారు?" అని. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది తర్వాత. అంబాజీపేట కొబ్బరి తోలిన బండి, కడియం మొక్కలు తోలిన బండి, భీమవరం రొయ్య తోలిన బండి మూడూ ఒకే ఏడాదివి, ఒకే మోడల్‌వి కావచ్చు. కింద పడుకుని చూస్తే మూడూ మూడు వయసుల్లో కనిపిస్తాయి. ట్రేల్లోంచి కారే ఉప్పునీళ్ళు, కరిగే ఐసు నీళ్ళు ఛాసిస్ మడతల్లో నిలబడిపోతాయి. దానికి తోడు నరసాపురం, అంతర్వేది వైపు సముద్రపు గాలి. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, ఇనుమును తుప్పు లోపల్నుంచి తినేస్తుంది. కొత్తగా స్టీరింగ్ పట్టే కుర్రాడికి (అమ్మాయికైనా సరే) బండి ఇవ్వాలంటే కంపెనీ పేరు కంటే ఇదే ముఖ్యం.

అంతకంటే ముందు వయసు సంగతి తేల్చుకోవాలి. 18 నిండితే కారు నడపొచ్చు. కానీ మోటారు వాహనాల చట్టం 4వ సెక్షన్ ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ వాహనానికి 20 నిండాలి. పసుపు బోర్డు పికప్ ట్రాన్స్‌పోర్ట్ వాహనమే. ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు ఉంటే 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది కదా అని ధైర్యం చెప్పేవాళ్ళుంటారు. ఆ తీర్పు లైసెన్సు తరగతి గురించి, 20 ఏళ్ళ నిబంధన ఎక్కడికీ పోలేదు. 18 కూడా నిండని పిల్లాడి చేతికి తాళం ఇస్తే 199ఏ సెక్షన్ కింద బండి యజమానికి లేదా తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు. రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందుగా వెతికేది కూడా ఇదే.

కాబట్టి 18, 19 ఏళ్ళ వాళ్ళకు దారి ఒక్కటే: ఆర్‌సీలో సొంత వాడకం కింద నమోదైన తెల్లబోర్డు పికప్. పాతవాటిలో ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ దీనికి సరిగ్గా సరిపోతుంది. 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతోంది. ఏబీఎస్, ముందు ఎయిర్‌బ్యాగులు ఉన్న పాత పికప్ కావాలంటే ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. వేరియంట్ చూసుకోవాలి. ఒంటి క్యాబిన్ డీ-మ్యాక్స్ సరుకు బండి, దాన్ని వీ-క్రాస్ అని అంటగట్టేవాళ్ళున్నారు. తాళం తిప్పగానే మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే లోపం ఉందన్నమాట. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి, ఎయిర్‌బ్యాగ్ పేలిపోయాక కొత్తది పెట్టకుండా లైటు తీగ పీకేసిన బండి కావచ్చు. దీని చిక్కల్లా పొడవే, సుమారు 5.3 మీటర్లు. కాలవగట్టు మీద ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే వెనక్కి తీయడం కొత్త చేతికి అంత తేలిక కాదు. రివర్స్ కెమెరా లేకపోతే పెట్టించండి. టాటా జెనాన్ ఎక్స్‌టీ, స్కార్పియో గెటవే కూడా ఇదే కోవలోవి, చవగ్గా వస్తాయి. అయితే తయారీ ఎప్పుడో ఆగిపోయింది, బాడీ ముక్కల కోసం పాత సామాన్ల షాపుల వెంట తిరగాలి. వాటి జోలికి వెళ్ళకపోవడమే మేలు.

20 నిండినవాళ్ళకు పసుపు బోర్డులో చాలానే ఉన్నాయి. 2005లో వచ్చిన టాటా ఏస్ డెల్టాలో ప్రతి ఊళ్ళో ఉంది. 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్, మోసే బరువు సుమారు 750 కిలోలు. వేగం లేదు, అదే దాని మంచితనం. 75 కిలోల ధాన్యం బస్తాలు పది వేస్తే లెక్క సరి. పదిహేను వేసి తోలిన బళ్ళే సంతలో ఎక్కువ. ముక్కు లేని బండి కాబట్టి ఎదురుదెబ్బ తగిలితే మోకాళ్ళకీ ముందు రేకుకీ మధ్య మిగిలేది జానెడు. ఊరి చుట్టుపక్కల, మార్కెట్ యార్డు దాకా సరే. రావులపాలెం దాటి 16వ నంబరు హైవే మీద లారీల మధ్య రోజూ తిరగాలంటే మాత్రం ఏస్ వద్దు, ఆ వేగానికి ఇది సరిపోక వెనక లారీ మీదకి వచ్చేస్తుంది.

మారుతి సూపర్ క్యారీ పెట్రోల్‌ది, 1196 సీసీ నాలుగు సిలిండర్లు, నేర్చుకునే చేతికి నడపడానికి అన్నిటికంటే సులువు. క్లచ్ తేలిక, కుదుపు తక్కువ, ఇంజిన్ మొరాయించదు. 2016లో మొదట వచ్చిన 793 సీసీ డీజిల్ రకాన్ని వదిలేయండి. మోసే బరువు 740 కిలోలే, ఏస్‌లాగే ముక్కు లేదు. 2019లో వచ్చిన టాటా ఇంట్రా కొంచెం పెద్దది. పవర్ స్టీరింగ్ ఉన్న రకం చూసుకోండి, క్యాబిన్ విశాలం. టన్ను లోపు పనికి పాత బళ్ళలో మా మొదటి ఓటు ఇంట్రాకే.

బరువు ఎక్కువుంటే రెండే పేర్లు వినిపిస్తాయి. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్, 1478 సీసీ మూడు సిలిండర్ల టర్బో, టన్నుంపావు. పవర్ స్టీరింగ్ కొన్ని వేరియంట్లలోనే ఉంది, అది లేని దోస్త్‌ని కుర్రాడికి కొనొద్దు. రెండోది మహీంద్రా బొలెరో పికప్, రెండున్నర లీటర్ల డీజిల్, మోడల్‌ని బట్టి టన్నుంపావు నుంచి 1.7 టన్నులు. ముక్కున్న బండి, స్పేర్లు ప్రతి సెంటర్లో దొరుకుతాయి, మోటు వాడకానికి నిలబడుతుంది. సరిగ్గా ఆ పేరు వల్లే దీన్ని అందరూ చంపేస్తారు: "బొలెరో కదా, లాగేస్తుంది" అని రెండున్నర టన్నులు వేస్తారు. లాగుతుంది నిజమే, ఆగడమే కష్టం. ఓవర్‌లోడు అలవాటున్న ఇంట్లో కుర్రాడి మొదటి బండిగా దీన్ని మేం సిఫారసు చేయం.

ఇప్పుడు కిందికి దూరదాం. గోనెసంచి పరుచుకుని, టార్చి, చిన్న సుత్తి, స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్ళండి. ఛాసిస్ పొడుగునా సుత్తితో మెల్లగా తట్టాలి. గట్టి ఇనుము ఖణేల్‌మంటుంది, తుప్పు తినేసిన చోట చప్పుడు మొద్దుగా వస్తుంది. అక్కడ స్క్రూడ్రైవర్ మొన నొక్కితే పొరలు రాలతాయి. ముఖ్యంగా చూడాల్సినవి వెనక కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) వేలాడే హ్యాంగర్లు, అడ్డకమ్మీలు, క్యాబిన్ బోల్టు బిగించిన చోట్లు, డీజిల్ ట్యాంకు పట్టీలు, ఛాసిస్ లోపలివైపు వెళ్ళే ఇనుప బ్రేకు పైపులు. పైపు మీద బుడిపెలు కనిపిస్తే అది గట్టిగా బ్రేకు తొక్కిన రోజే పగులుతుంది. ఛాసిస్‌కి కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే "శుభ్రం చేయించామండి" అన్న మాట నమ్మొద్దు, రంగు కింద వెల్డింగ్ గీతలు వెతకండి. హ్యాంగర్ దగ్గర వెల్డింగ్ ఉంటే బేరం అక్కడే ఆపేయాలి. ఫ్లోరు రేకు తుప్పు మార్పించుకోవచ్చు, ఛాసిస్ తుప్పుకి మందు లేదు.

అదే చేత్తో కమాన్ పట్టీలు లెక్కపెట్టండి. కంపెనీ ఇచ్చినదానికంటే ఒకటి రెండు ఎక్కువ వేయించడం ఇక్కడ మామూలు. దానివల్ల కుదుపు పెరగడం చిన్న సంగతి, అసలు దెబ్బ బ్రేకులకు. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య ఒక కడ్డీతో కలిపిన ఎల్ఎస్‌పీవీ వాల్వు ఉంటుంది. బరువు పడి ఛాసిస్ కిందికి దిగితే అది వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది, ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. పట్టీలు ఎక్కువైతే బండి దిగదు. టన్నున్నర వేసినా వాల్వుకి బండి ఖాళీగానే కనిపిస్తుంది, వెనక బ్రేకు పట్టదు. ఇంకొందరు మెకానిక్కులు విసుగొచ్చి ఆ కడ్డీని తీగతో పైకి కట్టేస్తారు. అప్పుడు ఖాళీ బండికి వెనక చక్రాలు ముందే బిగుసుకుపోయి, తొలకరి వాన పడ్డ తారు మీద తోక పక్కకి తిరుగుతుంది. పక్కన కాలవ, మధ్యలో రెయిలింగు లేదు. కొత్త చేతులు ఎక్కువగా దొరికిపోయేది ఇలాంటి చోటే. కడ్డీ చేత్తో కదిలిస్తే కదలాలి, తీగా తాడూ ఉండకూడదు.

బ్రేకు పెడల్‌ని ఇంజిన్ ఆన్‌లో ఉంచి అర నిమిషం గట్టిగా తొక్కి పట్టుకోండి. మెల్లగా కిందికి దిగుతుంటే మాస్టర్ సిలిండర్ సీళ్ళు పోయాయి, లేదా ఎక్కడో కారుతోంది. వెనక డ్రమ్ముల లోపలి అంచు తడిగా ఉంటే వీల్ సిలిండరో, ఇరుసు ఆయిల్ సీలో పోయింది. ఆయిల్ తాగిన షూలను కడిగి వాడకూడదు, మార్చాల్సిందే. ఖాళీ రోడ్డు మీద 40 వేగంలో గట్టిగా తొక్కితే బండి ఒక పక్కకి లాగకూడదు. హ్యాండ్ బ్రేకుని వంతెన ఎత్తు మీద చూడండి. ఉప్పు బళ్ళలో దాని కేబులు తొడుగులోనే బిగుసుకుపోతుంది. పైన లివరు కదులుతుంది, కింద ఏమీ జరగదు.

టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. గీతలు ఎంత లోతున్నా ఆరేళ్ళు దాటిన టైరు ముందు చక్రానికి పనికిరాదు. టైరు గీతల్లోని అరుగుదల గుర్తు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మన వానలకు 3 మిల్లీమీటర్లు మిగిలినప్పుడే మార్చేయండి. రీట్రెడ్ టైరు (అరిగినదానికి కొత్త పొర అతికించింది) ముందు వేసిన బండి కనిపిస్తే దాని యజమాని మిగతా విషయాల్లో ఎంత జాగ్రత్తపరుడో ఊహించుకోవచ్చు. ముందు చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టి ఊపితే బేరింగు, కింగ్ పిన్ లేదా బాల్ జాయింటు వదులు తెలుస్తుంది. ఎడమా కుడీ పట్టి ఊపితే టై రాడ్ చివర్లు.

ఇంజిన్ గురించి మెకానిక్కు ఎలాగూ చెబుతాడు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మీ ముందే స్టార్ట్ చేయించండి, ముందే వేడిచేసి ఉంచితే కారణం అడగండి.

వరద బండి సంగతి మాత్రం మీరే చూసుకోవాలి. 2022 జులై వరదకి లంకల్లో మునిగినవి కడిగేసి అమ్ముడుపోయి ఉండొచ్చు. సీటు బెల్టుని చివరిదాకా లాగండి, లోపలి భాగంలో ఒండ్రు గీత ఉంటే తెలిసిపోతుంది. సీటు కింద వైరు కనెక్టర్లు పచ్చగా తుప్పు పట్టాయేమో చూడండి. బెల్టు ఎలాగూ లాగారు కాబట్టి ఒక్క ఉదుటున గుంజితే పట్టేస్తుందో లేదో కూడా చూడండి. పికప్‌లలో బెల్టు బకుల్ సీటు కింద పడి ఉండడం, కోసేసి ఉండడం సర్వసాధారణం.

తర్వాత దగ్గర్లోని రైస్ మిల్లు కాటాకి తీసుకెళ్ళి ఖాళీ బండి తూయించండి. ఆర్‌సీలో రాసిన ఖాళీ బరువు కంటే 150, 200 కిలోలు ఎక్కువ చూపిస్తే ఇనుప బాడీ, ఎత్తు తలుపులు, అదనపు పట్టీలు కలిశాయన్నమాట. చట్టప్రకారం వేయగలిగే సరుకు అంతమేర తగ్గిపోతుంది. ఆర్‌సీలోని గ్రాస్ బరువు (సరుకుతో సహా అనుమతించిన మొత్తం) లోంచి కాటా బరువు తీసేయగా మిగిలింది, మనుషులతో కలిపి, మీ హద్దు.

కాగితాల్లో యానాం బళ్ళ దగ్గర జాగ్రత్త. పీవై 04 నంబరు బండి ఇక్కడే ఉంచుకోవాలంటే అక్కడి నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి, ఇక్కడి ట్యాక్సు కట్టి మళ్ళీ రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించుకోండి. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 సిరీస్ వచ్చింది కాబట్టి ఆ తర్వాతి బండి ఏ జిల్లాదో నంబరు చెప్పదు, ఆర్‌సీలో చిరునామా తీరప్రాంతమా కాదా చూడండి. ఫైనాన్స్ ఉంటే అది తీరినట్టు ఫారం 35, పేరు మార్పుకి ఫారం 29, 30. బీమా మీ పేరు మీదికి 14 రోజుల్లో మార్పించాలి. ఎనిమిదేళ్ళు దాటిన పసుపు బోర్డుకి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. ఫిట్‌నెస్ గడువు వచ్చే వారమే ముగుస్తుందంటే అమ్మేది అందుకే కావచ్చు, వాళ్ళ చేతే చేయించి తెమ్మనండి.

కొన్నాక మొదటి పని బ్రేకు ఆయిలు మొత్తం తీసి కొత్తది పోయించడం. అది గాలిలో తేమ లాక్కుంటుంది, మన దగ్గర ఇంకా త్వరగా. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కరు, ఛాసిస్ లోపలికి తుప్పు నూనె, హెడ్‌లైట్ల ఎత్తు సరుకుతో ఒకసారి సరిచేయించడం. ఆ తర్వాత కాటా లెక్క ప్రకారం ఎన్ని బస్తాలో, ఎన్ని కాయలో వెనక తలుపు లోపలివైపు పెయింటుతో పెద్దగా రాయించండి. ఒలవని కొబ్బరికాయ కిలో నుంచి కిలోన్నర తూగుతుంది, ఏస్‌కి ఆరువందల కాయలంటేనే హద్దు దగ్గరపడినట్టు. లోడింగ్ కూలీలు "ఇంకో వంద పడతాయిలే బాబూ" అన్నప్పుడు ఇరవై ఏళ్ళ కుర్రాడు కాదనలేడు, తలుపు మీది అంకె చూపించగలడు.